ఇంటి పర్మిషన్‌కు పెట్టే ముందు పక్కింటివాళ్లకు ఎలా చెప్పాలి

నల్లగొండలో 150 గజాల ప్లాటుకు ఇంటి పర్మిషన్ తెచ్చుకోవడం ఇప్పుడు పెద్ద పనేం కాదు. కాగితాలన్నీ సరిగ్గా ఉంటే పొద్దున దరఖాస్తు ఎక్కించి ఫీజు కడితే మధ్యాహ్నం అన్నానికి కూర్చునే లోపే అనుమతి పత్రం చేతికి వస్తుంది. చిక్కంతా అక్కడే ఉంది. మీరు ఇల్లు కడుతున్న సంగతి పక్కింటాయనకు జేసీబీ గల్లీలోకి వచ్చిన రోజే తెలుస్తుంది.

వెనకటికి ఫైలు నెలల తరబడి తిరిగేది. ఆఫీసు నుంచి ఎవరో ఒకరు టేపు పట్టుకుని వచ్చేవారు. ఇరుగుపొరుగు గుమికూడి "ఎన్ని అంతస్తులు?", "మా దిక్కు ఎంత వదుల్తున్నరు?" అని అడిగేవారు. ఆ ఆలస్యాన్ని అందరం తిట్టుకున్నాం కానీ, ఎవరూ అనుకోకుండానే అది ఇరుగుపొరుగుకు నోటీసు ఇచ్చినట్టు అయ్యేది. ఇప్పుడు పర్మిషన్ ముందు వస్తుంది, తనిఖీ తర్వాత జరుగుతుంది. అందుకే ఆ చెప్పే పని మన మీద పడింది.

నేను ప్లాన్లు గీసి బతికేవాణ్ని. నా దగ్గరికి వచ్చేవాళ్లకు చెప్పే వరసే ఇక్కడ రాస్తున్నా.

ముందు చట్టం సంగతి

2020 నవంబరులో మొదలైన టీఎస్-బీపాస్ అనే తెలంగాణ ఆన్‌లైన్ పర్మిషన్ పద్ధతిలో 75 గజాల లోపు ప్లాటులో గ్రౌండ్ ప్లస్ ఒక అంతస్తు ఇంటికి పర్మిషనే అక్కర్లేదు, రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు. ఆ పైన 500 చదరపు మీటర్ల దాకా, అంటే సుమారు 600 గజాల దాకా, 10 మీటర్ల ఎత్తు మించని నివాస గృహానికి మీ స్వీయ ధ్రువీకరణ మీదే వెంటనే అనుమతి ఇస్తారు. అంతకు మించితే సింగిల్ విండో, గడువు 21 రోజులు. తర్వాత దాని పేరు టీజీ-బీపాస్ అయింది, 2025లో బిల్డ్‌నౌ వచ్చింది. పేరు ఏదైనా, మామూలు ఇంటికి పక్కింటివాళ్ల సంతకం ఎవరూ అడగరు. "పక్కోళ్ల ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న కాగితం) తెస్తేనే పర్మిషన్" అని మధ్యవర్తి ఎవరైనా చెబితే నమ్మకండి.

కొన్ని పనులకు మాత్రం జనానికి చెప్పడం చట్టంలోనే ఉంది. మాస్టర్ ప్లాన్‌లో నివాస ప్రాంతంగా ఉన్న స్థలాన్ని వాణిజ్యానికి మార్చమని అడిగితే ముసాయిదా ప్రకటన ఇచ్చి అభ్యంతరాలు, సూచనలు పిలుస్తారు. పెద్ద సిమెంటు ఫ్యాక్టరీ, విద్యుత్ కేంద్రం లాంటివాటికి 2006 నాటి పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణ జరగాలి, దానికి కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన రావాలి. పొలం హద్దులు తేల్చమని ఎఫ్-లైన్‌కు దరఖాస్తు పెడితే సర్వేయరు చుట్టుపక్కల రైతులకు నోటీసులు పంపాకే గొలుసు వేస్తాడు. ఇవన్నీ అధికారుల చేతి మీదుగా జరిగేవి. ఇంటికి అలాంటి ఏర్పాటు లేదు. ఇక్కడినుంచి చెప్పేదంతా ఇంటి గురించే.

1. మీ హద్దు మీకు తెలుసా?

పక్కింటి గడప ఎక్కే ముందు మీ ప్లాటు కొలవండి. కాగితంలో 30 అడుగులు, 45 అడుగులు అని ఉంటుంది, 150 గజాలు. నేల మీద కొలిస్తే ఒక పక్క 29 అడుగుల 4 అంగుళాలే రావచ్చు. పాత కాలనీల్లో ఇది మామూలే. ఒకాయన గోడ నాలుగు అంగుళాలు జరిపి కట్టాడు, ఆ గోడ పట్టుకుని రెండో ఆయన కొలిచాడు, అలా వరస చివరి ప్లాటుకు వచ్చేసరికి అర గజం మాయం. కాబట్టి ఎప్పుడూ పక్కింటి గోడ నుంచి కొలవకండి. లేఅవుట్‌లో వేసిన హద్దురాయి నుంచో, మలుపు దగ్గర రోడ్డు అంచు నుంచో మొదలుపెట్టండి. ఐమూల కొలత, అంటే ఒక మూల నుంచి ఎదురు మూలకు ఉన్న దూరం, కూడా తీసుకోండి. 30కి 45 పక్కా దీర్ఘచతురస్రంగా ఉంటే ఐమూల 54 అడుగుల 1 అంగుళం రావాలి. రాలేదంటే ప్లాటు వంకరగా ఉన్నట్టు.

తర్వాత వదలాల్సింది లెక్క వేయండి. 150 గజాలంటే సుమారు 125 చదరపు మీటర్లు. 2012 నాటి భవన నిబంధనల జీవో 168 ప్రకారం 100 నుంచి 200 చదరపు మీటర్ల ప్లాటులో, 12 మీటర్ల లోపు రోడ్డు మీద ముందు 1.5 మీటర్లు, మిగతా మూడు వైపులా 1 మీటరు చొప్పున వదలాలి. మీటరంటే 3 అడుగుల 3 అంగుళాల పైచిలుకు. 30 అడుగుల వెడల్పులో రెండు వైపులా పోతే మీ ఇంటికి మిగిలేది 23 అడుగుల 5 అంగుళాలు. ఈ అంకె చూసి చాలామంది నీరుగారిపోతారు. "పక్కాయన వదలలేదు కదా, మనమెందుకు వదలాలె" అంటారు. ఆయన వదలకపోవడం మీకు రక్షణ కాదు. స్వీయ ధ్రువీకరణ మీద సంతకం మీది. ప్లాన్‌కు విరుద్ధంగా కడితే నోటీసు కూడా ఇవ్వకుండా కూల్చే అధికారం 2019 మున్సిపాలిటీల చట్టంలో ఉంది.

కొలిచినప్పుడు వాళ్ల గోడే మీ జాగాలోకి వచ్చిందని తేలితే? మొదటిరోజే ఆ మాట ఎత్తకండి. అలాగని మరిచిపోనూ వద్దు. వాళ్లు 12 ఏళ్లు ఎదురులేకుండా అనుభవిస్తే ఆ జాగా తమదేనని వాదించే వీలు చట్టం ఇస్తుంది. ఫొటో తీసి, కొలత రాసి పెట్టుకోండి. ఆ లెక్క వేరే రోజు, పెద్దమనుషుల ముందు తేల్చుకోవచ్చు.

ఊళ్లలో గ్రామకంఠం, అంటే ఊరి నివాస స్థలంలోని ఇళ్లది మరో కథ. అక్కడ సర్వే నంబరు పట్టుకుని ఒక్కో ఇంటి హద్దు తేల్చడం కుదరదు. "తూర్పు ఫలానా వాళ్ల ఇల్లు, పడమర బజారు" అనే నాలుగు హద్దుల మాటే మీ పత్రంలో ఉంటుంది. అంటే మీ హద్దుకు సాక్షి మీ పొరుగాయనే. ఆయనకు చెప్పకుండా పంచాయతీ కార్యదర్శి దగ్గరికి పోవడమంటే సాక్షిని దూరం చేసుకోవడమే.

2. ఎవరికి చెప్పాలి

రెండు పక్కలు, వెనక, ఎదురు. మూల ప్లాటైతే రెండో రోడ్డు అవతలి ఇల్లు కూడా. ఇంతే, కాలనీ అంతా అక్కర్లేదు.

ఇక్కడ నా సొంత తప్పు చెబుతా. నా ఇల్లు కట్టుకునేటప్పుడు పక్కింట్లో ఉండే ఆయనకు అన్నీ చెప్పాను. ప్లాన్ చూపించాను, చాయ్ తాగాను. ఆయన ఎనిమిదేళ్లుగా ఆ ఇంట్లో ఉంటున్నాడు, మా గల్లీలో ఆయన్నే ఇంటాయన అనుకుంటారు. నిజానికి కిరాయికి ఉంటున్నాడు. అసలు ఓనరు హైదరాబాద్‌లో. ఎవరో ఫోన్ చేసి "నీ గోడ కూలగొడుతున్నరు" అన్నారట. బేస్‌మెంట్ గోడలు లేచిన వారంలో దిగాడు. సోమవారం ప్రజావాణిలో దరఖాస్తు ఇచ్చాడు, ఆఫీసు నుంచి పని ఆపమన్నారు. కొలతలు తీసి, అంతా సరిగ్గానే ఉందని తేల్చేసరికి నలభై రోజులు. వానాకాలం. షెడ్డులో పెట్టిన సిమెంటు సగం గడ్డకట్టింది. చివరికి ఆయన నాతో అన్న మాట ఒక్కటే: "నాకు ఒక్క ఫోన్ చేస్తే నీ సొమ్మేం పోయేది?" నా దగ్గర జవాబు లేదు.

కాబట్టి ఇంట్లో ఉన్నది ఎవరో కాదు, ఇల్లు ఎవరిదో కనుక్కోండి. మీ రిజిస్ట్రేషన్ పత్రంలో హద్దుల దగ్గర పేర్లుంటాయి కానీ అవి పాతవి కావచ్చు. ఇంటి నంబరుతో ఈసీ (ఆస్తి లావాదేవీలు చూపే రిజిస్ట్రేషన్ ఆఫీసు పత్రం) తీస్తే చివరి లావాదేవీ తెలుస్తుంది. ఆస్తి పన్ను ఎవరి పేరున ఉందో చూడండి. తండ్రి చనిపోయి అన్నదమ్ములు పంచుకోని ఇల్లయితే ఒక్కరికి చెప్పి ఊరుకోకండి, అందరికీ చెప్పండి. ఆడబిడ్డలకూ వాటా ఉంటుంది. సూర్యాపేటలో ఉన్న చెల్లె ఒక్కతే అభ్యంతరం పెట్టినా పని ఆగే అవకాశం ఉంది. కిరాయిదారుకూ చెప్పండి. దుమ్ము తినేది ఆయనే.

3. చేతిలో ఏం పట్టుకెళ్లాలి

ప్లాన్ మొత్తం సెట్టు అక్కర్లేదు. మీ రిజిస్ట్రేషన్ పత్రాల జిరాక్సులు, ఆధార్ కాపీలు ఎవరికీ ఇవ్వకండి. ఒకే ఒక కాగితం చాలు. దానిమీద మీ ప్లాటు, లోపల ఇంటి గీత, నాలుగు వైపులా వదిలే దూరం అడుగుల్లో. మీటర్లలో రాస్తే మనవాళ్లకు ఎక్కదు. ఆ కాగితం మీద ఈ ఐదూ తప్పకుండా గుర్తు పెట్టండి: వాళ్ల వైపు కిటికీలు ఎక్కడ, బాత్రూం వెంటిలేటరు ఎక్కడ, సెప్టిక్ ట్యాంకు ఎక్కడ, బోరు ఎక్కడ, వాన నీళ్ల పైపు ఎటు దిగుతుంది.

ఎన్ని బెడ్‌రూములో వాళ్లకు అక్కర్లేదు. వాళ్ల గోడకు, వాళ్ల కిటికీకి, వాళ్ల మోరీకి ఏమవుతుందో అదే కావాలి.

4. ఎప్పుడు, ఎలా

దరఖాస్తు ఎక్కించడానికి రెండు మూడు వారాల ముందు. భూమిపూజ కార్డుతో పాటు చెబుదామని ఆగకండి. కార్డు చేతిలో పెట్టి "మీవైపు రెండు కిటికీలు వస్తయి" అంటే అది చెప్పినట్టు కాదు, తేల్చేసినట్టు. ముందే పోతే మార్చే వీలుంటుంది. కిటికీ రెండు అడుగులు జరపడానికి ప్లాన్ మీద రబ్బరు చాలు. గోడ లేచాక సుత్తి పట్టాలి.

సాయంత్రం ఆరు దాటాక, ఇంట్లో భార్యాభర్తలిద్దరూ ఉన్నప్పుడు పోండి. మొగాయనకు చెప్పి వచ్చేస్తే సగం పనే. పగలంతా ఇంట్లో ఉండి మిషన్ చప్పుడు వినేది ఎవరు? మేస్త్రీని వెంట తీసుకుపోకండి. "ఏం కాదు సార్, మేం చూసుకుంటం" అనే ఒక్క మాటతో నమ్మకం పోగొడతాడు. మీ ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్లను ముందు నడవనివ్వండి.

రామగిరి వైపు ఒక ఇంటికి నేను మా క్లయింటుతో కలిసి పోయినప్పుడు జరిగిన మాటలు ఇవి.

"పెద్దమ్మా, మేం పక్క జాగల ఇల్లు మొదలువెడ్తున్నం. మీకు సూపియ్యకుంట కాగితం పెట్టొద్దనుకున్నం."

"మంచిదే బిడ్డా. పై అంతస్తు ఏస్తున్నరా?"

"ఇప్పుడైతే కిందొకటి, మీదొకటి."

ఆమె కాగితం చేతిలోకి తీసుకోలేదు. లేచి వెనక తలుపు తీసి, గోడవతల చూపించింది. "సజ్జ నీళ్లు ఇటు వడ్తయా? అగో, ఆ మూలకు వొంటర్ర ఉన్నది. గోడ నానుతది."

ప్లాన్‌లో మేం పైకప్పు వాలు ఆ వైపే ఇచ్చాం. క్లయింటు నా వైపు చూశాడు. "వాలు రోడ్డు దిక్కుకు మారుస్తం పెద్దమ్మా, పైపు వేసి మోరీల కలుపుతం" అన్నాను. ఆ ఒక్క మార్పుకు కంప్యూటర్‌లో పది నిమిషాలు పట్టింది. ఇల్లంతా అయ్యాక ఆమె గోడ తడిసి ఉంటే ఆ పంచాయితీ ఎన్నేళ్లు నడిచేదో!

5. వాళ్లు అడిగేవి, మీరు చెప్పాల్సినవి

ప్రతి ఇంట్లోనూ దాదాపు ఇవే ప్రశ్నలు.

సజ్జ: వదిలిన జాగాలోకి సజ్జ 60 సెంటీమీటర్లు, అంటే రెండు అడుగులు మించకూడదు. బాల్కనీ రాకూడదు. "మీ జాగా మీదికి అంగుళం కూడా రాదు" అని చెప్పండి, సెంట్రింగ్ కొట్టే రోజు ఆ మాట మేస్త్రీకి గుర్తుచేయండి. మేస్త్రీలకు సజ్జ పెంచడం ఒక అలవాటు.

వాళ్ల కిటికీ: 20 ఏళ్లుగా ఒక కిటికీ గుండా వెలుతురు, గాలి అడ్డులేకుండా అనుభవిస్తుంటే అది హక్కుగా నిలబడవచ్చు. దారికీ అంతే. వాళ్ల ఇల్లు పాతదై, వంటింటి కిటికీ మీ ప్లాటు వైపే తెరుచుకుంటూ ఉంటే, ఆ ఎదురుగా మీ గోడను కాస్త వెనక్కి జరపగలరేమో ప్లాన్‌లోనే చూసుకోండి.

వాస్తు: దీన్ని నవ్వి తీసిపారేయకండి. "మీ ఇల్లు లేస్తే మాకు తూర్పు మూసుకుపోతది" అనే మాట మహబూబ్‌నగర్‌లోనైనా మిర్యాలగూడలోనైనా వినక తప్పదు. దీనికి చట్టంలో చోటు లేదు. మనసులో మాత్రం చాలా చోటుంది. చేయగలిగింది చేయండి: మీ సెప్టిక్ ట్యాంకు వాళ్ల ఈశాన్యానికి ఆనుకుని రాకుండా, మీ మెట్ల గది వాళ్ల గుమ్మానికి ఎదురు పడకుండా. కుదరనిది కుదరదని మెల్లగా చెప్పేయండి. నాన్చితే ఆశ పెట్టినట్టవుతుంది.

బోరు: నీరు, భూమి, చెట్ల రక్షణకు చేసిన వాల్టా చట్టం కింద కొత్త బోరుకు అనుమతి కావాలి. తాగునీటి ప్రజా బోరుకు 250 మీటర్ల లోపు వేయకూడదు. పొరుగువాళ్ల అసలు భయం వేరు. మీరు లోతుగా వేస్తే వాళ్ల బోరు ఎండుతుందేమోనని. దానికి మాట ఇవ్వలేరు, ఇవ్వకండి. రిగ్గు వచ్చే రాత్రి ముందే చెప్పండి, తెల్లని బురద వాళ్ల గేటు ముందు పారకుండా గుంత తీయించండి. మీ సెప్టిక్ ట్యాంకుకూ వాళ్ల బోరుకూ మధ్య వీలైనంత దూరం పెట్టండి.

ఇక బండ. దీని గురించి ఎక్కువ చెప్పాలి. మా ఊరి పేరులోనే కొండ ఉంది, నాలుగు అడుగులు తవ్వితే బండ తగలడం వింతేం కాదు. పిల్లరు గుంతలో బండ వస్తే బ్రేకర్ పెడతారు. ఆ అదురుకు పక్కింటి పాత గోడ బీటలు వారిందని గొడవ. కొన్నిసార్లు నిజమే. కొన్నిసార్లు ఆ బీట పదేళ్ల నాటిది, ఇన్నాళ్లూ ఎవరూ చూడలేదు. ఏది పాతదో ఏది కొత్తదో తేల్చే మార్గం ఒక్కటే: తవ్వకం మొదలుకాక ముందే చూసిపెట్టుకోవడం. వాళ్లు ఒప్పుకుంటే మీ వైపు గోడంతా, గదుల్లోనూ, వాళ్ల ముందే ఫొటోలు తీయండి. ప్రతి ఫొటోలో ఆ రోజు దినపత్రిక కనిపించేలా పట్టుకోమనండి. ఉన్న బీటల చివర్లలో పెన్సిలుతో చిన్న గీత, పక్కన తేదీ. పెద్ద బీటకు అడ్డంగా రెండు చోట్ల అరచేయంత పీవోపీ (ప్లాస్టర్ ఆఫ్ పారిస్) పట్టీ వేయించండి, దానిమీదా తేదీ. తవ్వకం అయ్యాక ఆ పట్టీ చెక్కుచెదరకుండా ఉంటే బీట కదల్లేదని ఇద్దరికీ తెలుస్తుంది. విరిగితే మీ వల్లే అయ్యుండొచ్చు, బాగు చేయించండి. ఫొటోల సెట్టు వాళ్ల ఫోనుకూ పంపండి. మీ ఒక్కరి దగ్గరే ఉంచుకుంటే అది సాక్ష్యం కాదు, అనుమానం.

బండ మరీ గట్టిదైతే రంధ్రాలు వేసి ఉబ్బే పౌడరు నింపి పగలగొట్టే పద్ధతి ఉంది. చప్పుడు తక్కువ, ఖర్చు ఎక్కువ. ఇళ్ల మధ్య మందు పెట్టి పేల్చే మాట ఎవరైనా ఎత్తితే ఆ మనిషిని పంపేయండి.

6. ముగ్గు పోసి చూపించండి

కాగితం చూసి అందరూ తలూపుతారు కానీ అర్థమయ్యేది కొందరికే. ఒక ఆదివారం పొద్దున ప్లాటులో తాడు లాగి ఇంటి గీత మీద ముగ్గు పోయించండి, వాళ్లను పిలవండి. టేపు ఒక కొస ఆయన చేతికివ్వండి. హద్దురాయి నుంచి మీ గోడ గీత దాకా 3 అడుగుల 3 అంగుళాలు అని ఆయన నోటితోనే చదవనివ్వండి. రెండో వైపూ అలాగే. ఆ ఫొటో ఒకటి ఉంచుకోండి. ఇన్నేళ్లలో నేను చూసినంతవరకు సగం అనుమానాలు ఆ ముగ్గు దగ్గరే పోతాయి.

7. ఉత్తరం

మాట అయ్యాక, ముగ్గు పోసే రోజుకు ముందే, ఒక ఉత్తరం ఇవ్వండి. మాట మీద నమ్మకం లేక కాదు, రేపు ఆ ఇల్లు వేరేవాళ్లు కొనుక్కోవచ్చు. ఇలా రాయవచ్చు:

"గౌరవనీయులైన ........ గారికి,

మీ ఇంటికి పడమర పక్కనున్న మా 150 గజాల ప్లాటులో గ్రౌండ్ ప్లస్ ఒక అంతస్తు ఇల్లు కట్టుకోబోతున్నాము. మీ వైపు మా గోడ హద్దు నుంచి 3 అడుగుల 3 అంగుళాల పైచిలుకు (1 మీటరు) వదిలి వస్తుంది. ఆ గోడకు రెండు కిటికీలు, ఒక వెంటిలేటరు ఉంటాయి. వాన నీళ్లు రోడ్డు వైపు దింపుతాము. పని ఉదయం 8 నుంచి సాయంత్రం 6 వరకు. ........ తేదీ ఆదివారం ఉదయం 7 గంటలకు ముగ్గు పోస్తున్నాము, దయచేసి వచ్చి చూడగలరు. మా పని వల్ల మీ గోడకు నష్టం జరిగితే మా ఖర్చుతో బాగు చేయిస్తాము. సందేహాలుంటే ........ తేదీలోగా చెప్పగలరు. ఈ ఉత్తరం మీ సమాచారం కోసం.

ఇట్లు, ........"

చివరి వాక్యం చూడండి. "సమాచారం కోసం." ఇదే అన్నిటికన్నా ముఖ్యమైన మాట. "మీ అనుమతి కోరుతూ" అని ఎక్కడా రాయకండి. మర్యాదకు రాసిన ఆ మాటే రేపు "మేం అనుమతి ఇవ్వలేదు కదా" అనే వాదన అవుతుంది. వాళ్ల చేత సంతకం పెట్టించుకునేది కూడా "ఉత్తరం అందింది, తేదీ" వరకే. "అభ్యంతరం లేదు" అని రాయమని పట్టుబడితే, ఇందులో ఏదో మతలబు ఉందని లేని అనుమానం పుడుతుంది.

ఉమ్మడి గోడ ఉంటే మాత్రం కథ వేరు. రెండిళ్లకూ ఒకటే గోడ ఉండి, దాన్ని కూల్చాలన్నా, ఎత్తు పెంచాలన్నా, దూలం ఆనించాలన్నా వాళ్ల ఒప్పుదల రాతపూర్వకంగా కావాలి. అది వేరే కాగితం, స్టాంపు పేపరు మీద, ఇద్దరు సాక్షులతో. ఈ ఉత్తరంలో కలపకండి.

ఓనరు ఊళ్లో లేకుంటే ఫోన్ చేసి, వాట్సాప్‌లో కాగితం ఫొటో పెట్టి, ఉత్తరం పోస్టులో పంపండి. రిజిస్టర్డ్ పోస్టు 2025 సెప్టెంబరు 1 నుంచి స్పీడ్ పోస్టులో కలిసిపోయింది. కౌంటరులో అడిగేటప్పుడు చేతికి అందిన రుజువు కావాలని చెప్పండి. రసీదు ఇంటి ఫైల్లో పెట్టండి. ముందు ఫోన్, తర్వాతే పోస్టు. చెప్పాపెట్టకుండా కవరు వస్తే ఎవరైనా లాయరు నోటీసు అనుకుంటారు.

8. ఒప్పుకోకపోతే

ముందు వాళ్లు చెప్పేది ఏ రకమో చూసుకోండి. "మీ గోడ హద్దు దాటుతున్నది" అంటే అది కొలతతో తేలేది. ఇద్దరూ ఒప్పుకున్న సర్వేయరును పిలిచి ఖర్చు సగం సగం పెట్టుకోండి, తేలేదాకా దరఖాస్తు ఎక్కించకండి. "కిటికీ జరపండి", "పైపు మార్చండి" అంటే చేయగలిగితే చేసేయండి, బేరం ఆడకండి. "మీరు అసలు పైఅంతస్తే వేయొద్దు" అంటే వినండి, కాదని చెప్పండి, మీ దరఖాస్తు మీరు పెట్టుకోండి. చెప్పడమంటే అనుమతి అడగడం కాదు.

ఇంటి ముందు ఖర్చులకని, నోరు మూయించడానికని డబ్బు ఇవ్వకండి. ఒకసారి ఇస్తే స్లాబుకు ఒకసారి, ప్లాస్టరింగుకు ఒకసారి అడుగుతారు.

కోర్టుకు పోతారని గట్టిగా అనిపిస్తే కేవియట్ అనే మార్గం ఉంది. సివిల్ ప్రొసీజర్ కోడ్ 148-ఎ కింద వేస్తే, మీ మాట వినకుండా స్టే ఇవ్వకుండా ముందే అడ్డం పడొచ్చు. 90 రోజులు పనిచేస్తుంది. కానీ దాని కాపీ పోస్టులో వాళ్ల ఇంటికీ చేరాలి. మొన్నటిదాకా చాయ్ తాగిన ఇంటికి కోర్టు కాగితం పంపుతున్నారని గుర్తుంచుకోండి. నా మట్టుకు నేను పదిలో ఒక్కరికి కూడా అది వేయమని చెప్పను. మధ్యలో మాట చెప్పగల మనిషి, ఇద్దరికీ కావలసినవాడు ఒకడు దొరికితే ముందు ఆయన దగ్గర కూర్చోండి.

9. దరఖాస్తు, ఆ తర్వాత

ముగ్గు మీద చూపించిన కొలతలే ప్లాన్‌లో ఉన్నాయో లేదో చూసి దరఖాస్తు ఎక్కించండి. మధ్యలో మార్చితే మళ్లీ చెప్పండి. అనుమతి వచ్చాక దాని నంబరు, తేదీ, అంతస్తుల సంఖ్య రాసిన బోర్డు గేటుకు కట్టండి. అడిగేవాళ్లు ఆఫీసుకు పోకుండా అక్కడే చదువుకుంటారు.

తర్వాత చెప్పాల్సినవి చిన్నవే. జేసీబీ వచ్చే ముందురోజు. బోరు రిగ్గు వచ్చే సాయంత్రం. ఇటుకల లారీ గల్లీలో ఆగే రోజు. వాళ్ల వైపు గోడకు బయట ప్లాస్టరింగు చేయాలంటే పరంజా వాళ్ల జాగాలో దిగాల్సి రావచ్చు. దానికి ఒక వారం ముందే అడగండి, ఇది మాత్రం నిజంగా అడగడమే. పని అయ్యాక రాలిన సిమెంటు మీ కూలీలతోనే ఊడ్పించి, కడిగించండి.

స్లాబు రోజు మిక్సరు గల్లీకి అడ్డంగా పొద్దుగూకేదాకా ఉంటుంది. ముందురోజు రాత్రి తొమ్మిదింటికి ఎదురింటాయనకు ఫోన్ చేసి, "అన్నా, రేపు తెల్లారి స్లాబు పడ్తున్నది, కారు ఇయ్యాల్నే రోడ్డు మీద పెట్టుకోండ్రి" అని చెప్పండి.